సరుకు పేరు

కాశీబుగ్గలో మా ఆఫీసు మెట్లెక్కితే
ముందు జీడితొక్కల పొగ ఎదురొస్తుంది, తర్వాత నేను.
పదహారేళ్ళుగా ఇక్కడ పప్పుకి లెక్కలు రాస్తున్నాను.
గుండు, బద్ద, ముక్క, నూక.
దేని ధర దానిది, దేని అబద్ధం దానిది.
చేతిలో పోస్తే చాలు, ఏ రకమో కళ్ళు మూసుకుని చెబుతాను.

దమయంతి మంగళవారం వచ్చింది,
ఫ్యాక్టరీ నుంచి తిన్నగా, కొంగు కూడా దులపకుండా.
నోటీసు బల్ల మీద పెట్టింది.
మడత దగ్గర ఆమె వేళ్ళ నలుపు.
"ఓలమ్మా, నాను కత్తులమ్మీసినానంట!
మా గుంటడు సదివి సెప్పినాడు.
నాకున్న కత్తి కాలితో తొక్కేదొక్కటే,
అదీ సావుకారిదే."

మూడు లక్షల పన్నెండు వేల నాలుగు వందలు.
ఎక్కడో ఒక సంత. గుడారం లేదు, తక్కెడ లేదు.
దాన్ని నడిపేవాడు నూటికి రూపాయి కోసుకుని
ఆమె పాన్ నంబరు మీద జమకట్టి
పైకి చెప్పేశాడు.
చెప్పడం వాడి వంతు.
ఒప్పుకోవడం మన వంతు.

మర్నాడు గుంటడు వచ్చాడు. పేరు ఢిల్లేశ్వరరావు.
పదిహేడు నిండాయి. ఢిల్లీని వాడెప్పుడూ చూడలేదు,
ఢిల్లీయే వాణ్ణి చూసింది.
"ఏదీ, ఒకటి చూపించు" అన్నాను.
ఫోన్లో నీలి మంటల కత్తి గిరగిరా తిరిగింది.
అలవాటు కొద్దీ నా అరచెయ్యి ముందుకు పోయింది.
వాడు నవ్వలేదు. మర్యాదగా తల దించుకున్నాడు.

"ఎంతకి కొన్నావు?"
"కొన్నేదండి. గెలిసినాను."
"తేదీ?"
"తెల్దండి. కరెంటున్న రాత్రి."

కొన్న ధర గడిలో సున్నా వేశాను.
ఇంతకీ కత్తిని ఏ గడిలో పెట్టాలి?
ఆ గడిలో పెడితే ముప్ఫై శాతం పోతుంది,
ఈ గడిలో పెడితే ఏమీ పోదు.
రెండు రాత్రులు చట్టం చదివాను.
చదివిన కొద్దీ కత్తి పొగలా పలచబడింది.
చివరికి ఈ గడిలోనే పెట్టి
పక్కన ఒక వివరణ రాశాను,
రేపు ఎవరైనా అడిగితే నిలబడేలా, లేదా కనీసం కూర్చునేలా.

"పన్ను లేదు" అన్నాను. దమయంతి లేవబోయింది.
"లేకపోయినా చెప్పాలి."
మళ్ళీ కూర్చుంది.
"డబ్బు నీ ఖాతాలో పడింది, కానీ నీది కాదు.
మైనరు పిల్లాడు సొంత నైపుణ్యంతో సంపాదిస్తే
అది వాడి పేరు మీదే చూపించాలంది చట్టం."

ఆమె కాసేపు మాట్లాడలేదు.
"ఆడికి పనొచ్చని అందులో రాసుందా?"
"రాసుంది."
"సదువమ్మా మళ్ళీ."
చదివాను. గుంటడు కిటికీ వైపు తిరిగిపోయాడు.
"మరి గుండు ఇరక్కుండా ఒలిసినోళ్ళకేటి రాసినారు?"
నీకు కిలోకింతని కూలిస్తున్నారు కదా అన్నాను.
అన్నాక నాకే బాగోలేదు.

గుంటడికి పాన్ కార్డు తీయాలి. గార్డియన్ వేలిముద్ర కావాలి.
మిషను కుడి చెయ్యి మొత్తం వద్దంది.
జీడినూనె ఆ గీతల్ని ఎప్పుడో తినేసింది.
ఆమె వేళ్ళు జుత్తుకి రాసుకుంది, చీరకి రాసుకుంది,
కొడుకు చొక్కాకి కూడా రాసింది.
ఆఖరికి ఎడమ చెయ్యి చిటికెనవేలు ఒప్పుకుంది.
కోసిన మూడు వేల చిల్లర
ఎప్పటికైనా వెనక్కొస్తుందని చెప్పాను.
వాళ్ళు నమ్మినట్టు తల ఊపారు.

వెళ్తూ బల్ల మీద ఒక పొట్లం పెట్టింది.
ఫీజు వద్దని ముందే అన్నాను. ఇది ఫీజు కాదంది.
తలుపు మూసుకున్నాక విప్పాను.
వస్తువు రూపంలో వచ్చింది కూడా రాబడే.
నా పుస్తకం తీసి రాశాను:
దమయంతి. జీడిపప్పు. పావుకిలో.
రకం దగ్గర కలం ఆగింది.
కళ్ళు మూసుకుని చేతిలో పోసుకున్నాను.
ఒక్కటీ విరగలేదు.